యంత్రం మొరాయిస్తే: పాత గార్డెన్ ట్రాక్టర్లు, పెట్రోలు తిప్పలు

ఈసారి ఉత్తరాలు ఎక్కువగా అమెరికా నుంచే వచ్చాయి. ఎకరమో రెండెకరాలో స్థలం ఉన్న ఇల్లు కొనుక్కుంటే, షెడ్డులో పాత యజమాని వదిలేసిన గార్డెన్ ట్రాక్టరు ఒకటి కనబడుతుంది. దాన్ని లేపాలన్న సరదాతో రాసినవాళ్లే ఎక్కువమంది. మన ఊళ్లో ట్రాక్టరంటే డీజిలు బండి, ఇంజక్షన్ పంపు, నాజిళ్లు. వీటిలో అవేవీ ఉండవు. చాలావాటికి ఒకే సిలిండరు, గాలితో చల్లబడే పెట్రోలు ఇంజను, ఒక కార్బొరేటరు, అంతే. ఇంటర్నేషనల్ హార్వెస్టర్ వాళ్ల కబ్ కేడెట్ 1961లో వచ్చింది, జాన్ డీర్ 110 1963లో వచ్చింది. ఈ రెండిట్లోనూ, వీల్ హార్స్ బళ్లు చాలావాటిలోనూ ఉండేది కోహ్లర్ కె-సిరీస్ ఇంజనే. అందుకని ఒకరికి రాసిన జవాబు మిగతావాళ్లకీ చాలావరకు పనికొస్తుంది.

ప్ర: నా దగ్గర కబ్ కేడెట్ 122 ఉంది, 12 హార్స్‌పవర్ కోహ్లర్ కె301 ఇంజను. పొద్దున ఒక్క తిప్పుకే స్టార్టవుతుంది. పావుగంట గడ్డి కోశాక నీరసపడి, రెండు మూడు సార్లు దగ్గి ఆగిపోతుంది. ఇరవై నిమిషాలు వదిలేస్తే మళ్లీ మామూలే. ఆన్‌లైన్‌లో కొత్త కార్బొరేటరు తెప్పించి వేశాను, తేడా లేదు. — ఒక పాఠకుడు, కేటీ, టెక్సాస్

జ: పాత కార్బొరేటరు పారేయలేదు కదా? జాగ్రత్తగా దాచండి, మళ్లీ అదే వేసుకుంటారు. తక్కువ ధరకు దొరికే నకళ్లలో లోపలి రంధ్రాల కొలతలు తేడాగా ఉండటం మామూలు. పైగా మీ బండి లక్షణం కార్బొరేటరుది కాదు. అందులో మురికి ఉంటే మొదటి నిమిషం నుంచే ఏడుస్తుంది, పావుగంట బుద్ధిగా నడిచి ఆ తర్వాత మొరాయించదు.

ముందు తేల్చుకోవాల్సింది ఇది పెట్రోలు జబ్బా, కరెంటు జబ్బా అన్నది. వేడెక్కాక స్పార్కు పుట్టించే కాయిల్ గానీ, కండెన్సర్ గానీ చచ్చుబడినా అచ్చం ఇలాగే ఆగి, చల్లారాక లేస్తుంది. బండి నీరసపడటం మొదలవగానే చోక్ సగం లాగండి. పుంజుకుంటే పెట్రోలు చాలడం లేదన్నమాట. ఏ మార్పూ లేకుండా చటుక్కున ఆగిపోతే కరెంటు మీద అనుమానం పెట్టుకోండి. వెంటనే ప్లగ్గు దగ్గర స్పార్క్ టెస్టరు పెట్టి ఇంజను తిప్పి చూడండి. ఈ పరీక్ష ఇంజను వేడిగా ఉండగానే చెయ్యాలి. చల్లారాక చేస్తే అంతా బాగానే ఉన్నట్టు కనబడుతుంది.

పెట్రోలే అని తేలిందనుకుందాం. మీ 122లో ట్యాంకు ఇంజను పైన ఉంటుంది, పంపు లేదు, పెట్రోలు తన బరువుతోనే కిందికి దిగాలి. దిగిన పెట్రోలుకు బదులు ట్యాంకులోకి గాలి వెళ్లాలి. ఆ గాలి దారి మూతలో ఉన్న సన్నటి రంధ్రం. అరవై ఏళ్ల దుమ్ము, గడ్డి పొట్టు పట్టి అది మూసుకుపోతే ట్యాంకులో శూన్యం మెల్లమెల్లగా పెరుగుతుంది, ధార సన్నబడుతుంది, కార్బొరేటరు బౌల్ (అందులో పెట్రోలు నిలిచే చిన్న గిన్నె) ఖాళీ అవుతుంది. బండి ఆగాక ఇరవై నిమిషాల్లో ఎక్కడో సందులోంచి గాలి దూరి సర్దుకుంటుంది. మీరు చెప్పిన పావుగంట, ఇరవై నిమిషాల లెక్క దీనికి సరిగ్గా సరిపోతుంది. ఈసారి ఆగగానే మూత తిప్పి చెవి పెట్టండి. "స్‌స్" అని గాలి పీల్చిన చప్పుడు వస్తే దొంగ దొరికినట్టే. మూత లోపలి వాషరు విప్పి కార్బ్ క్లీనరుతో కడిగి, నోటితో ఊది గాలి పోతోందో లేదో చూడండి. కొత్త మూత కొంటే గాలి రంధ్రం ఉన్నదేనా అని అడిగి కొనండి. రంధ్రం లేని మూతలు కూడా అదే చుట్టు కొలతలో దొరుకుతాయి.

చప్పుడు రాకపోతే ధార కొలవాలి. ఇంజను పూర్తిగా చల్లారాక, ఆరుబయట, బ్యాటరీ నెగటివ్ వైరు తీసేసి చెయ్యండి. దగ్గర్లో దీపం, సిగరెట్టు, గ్రైండరు ఏవీ ఉండకూడదు. కార్బొరేటరు దగ్గర పెట్రోలు గొట్టం ఊడదీసి, కొలతలున్న గాజు సీసాలోకి వదలండి. మూత గట్టిగా బిగించే ఉంచండి, అదే ఈ పరీక్షలో కీలకం. ఈ ఇంజను నిండు లోడు మీద గంటకు నాలుగు లీటర్లకు అటూ ఇటూ తాగుతుంది, అంటే నిమిషానికి 65 మిల్లీలీటర్ల చుట్టుపక్కల. సీసాలోకి నిమిషానికి 200 మి.లీ. పైన పడుతూ, మూడు నాలుగు నిమిషాలైనా ధార సన్నబడకపోతే దారి శుభ్రంగా ఉన్నట్టు. మొదట్లో బాగా వచ్చి తర్వాత సన్నబడి, మూత వదులు చేయగానే మళ్లీ పెరిగితే తప్పు మూతదే. మొదటి నుంచీ బొట్లు బొట్లుగా వస్తే కింద ఎక్కడో అడ్డం ఉంది.

ఆ అడ్డం వెతకడం ట్యాంకు వైపు నుంచి మొదలుపెట్టాలి. ట్యాంకు కింద గాజు గిన్నె, కుళాయి ఉంటాయి. గిన్నె విప్పితే పైన సన్నటి జల్లెడ కనబడుతుంది. దాని మీద తుప్పు పొడి మెత్తటి బురదలా పేరుకుంటుంది. జల్లెడ కడిగి, కుళాయి తెరిచి, ట్యాంకులోంచి ధార ఎలా వస్తుందో చూడండి. ఇక్కడే సన్నగా ఉంటే ట్యాంకు అడుగునే తుప్పు రేకులు అడ్డుపడుతున్నాయి. ఇక్కడ బాగుండి గొట్టం చివర సన్నగా ఉంటే గొట్టం లోపలి పొర ఊడి తలుపులా మూసుకుంటోంది. పైకి కొత్తగా కనబడే గొట్టంలో కూడా ఇది జరుగుతుంది. పావంగుళం లోపలి వ్యాసం, ఎస్‌ఏఈ జె30ఆర్7 అని ముద్ర ఉన్న గొట్టం అడుగు రెండడుగులు చాలు, ఖర్చు పెద్దగా ఉండదు. మార్చేయండి. దాన్ని సిలిండరు రేకుకు తగలకుండా తిప్పండి. తగిలితే లోపల పెట్రోలు ఆవిరై బుడగ కడుతుంది. మీ టెక్సాస్ ఎండలో అది వేరే కథ.

ఇంకొక్కటి. మధ్యలో ఎవరైనా ఫిల్టరు ఇరికించారేమో చూడండి. పంపు ఉన్న బళ్లకు చేసిన మెత్తటి ఫిల్టర్లు పంపు లేని బండికి వేస్తే ధార చచ్చిపోతుంది. బరువుతో దిగే పెట్రోలుకు 75 మైక్రాన్లు, అంతకంటే ముతక ఫిల్టరే వెయ్యాలి. అసలు మీ బండికి గాజు గిన్నె ఉండగా రెండో ఫిల్టరు ఎందుకు?

ప్ర: వీల్ హార్స్ సి-120. నెల క్రితం ఆయిల్ మార్చాను. ఇప్పుడు డిప్‌స్టిక్ మీద ఆయిల్ గీత కంటే అంగుళం పైన ఉంది, పెట్రోలు వాసన కొడుతోంది. నడపొచ్చా? — ఎడిసన్, న్యూజెర్సీ

జ: నడపకండి. ఒక్క నిమిషం కూడా వద్దు. పెట్రోలు కలిసి పలచబడ్డ ఆయిల్ కనెక్టింగ్ రాడ్‌ని కాపాడలేదు. ఈ ఇంజన్లలో రాడ్డు నేరుగా క్రాంక్ మీదే తిరుగుతుంది, మధ్యలో మార్చుకునే బేరింగ్ షెల్లు ఉండదు. అది పట్టేస్తే ఇంజను బ్లాకుకే చిల్లు పడుతుంది. పైగా క్రాంక్‌కేసులో పెట్రోలు ఆవిరి నిండి ఉండటం ఎప్పుడూ ప్రమాదమే.

పెట్రోలు ఆయిల్లోకి వెళ్లడానికి రెండే దారులు. మీ బండిలో ట్యాంకు సీటు కింద ఉంటుంది, ఇంజనుకు తగిలించిన పంపు పెట్రోలు లాగుతుంది. ఆ పంపులో డయాఫ్రమ్ (సాగే పలచటి పొర) చిరిగితే పెట్రోలు లోపలికి, సూటిగా క్రాంక్‌కేసులోకి కారుతుంది. రెండో దారి బౌల్ నిండగానే పెట్రోలును ఆపాల్సిన కార్బొరేటరు సూది సరిగా మూసుకోకపోవడం. బండి ఆపి ఉంచినా పెట్రోలు ఉబికి, ఇన్‌లెట్‌ లోంచి సిలిండర్లోకి దిగి, రింగుల పక్కనుంచి కిందికి జారుతుంది.

ఏ దారో తేల్చడానికి పంపు విప్పనక్కర్లేదు. ముందు పాత ఆయిల్ వేడిగా కాకుండా, చల్లగానే తీసేయండి. కొత్త ఎస్‌ఏఈ 30 ఆయిల్ గీత వరకు పోసి, డిప్‌స్టిక్ మీద మట్టం ఫొటో తీసుకోండి. ఇంజను నడపకుండా, గొట్టానికి క్లిప్పు ఏదీ పెట్టకుండా, రాత్రంతా వదిలేయండి. పొద్దున మట్టం పెరిగితే నడుస్తున్నప్పటి తప్పు కాదు, నిలబడి ఉన్నప్పుడు కారుతోంది. అప్పుడు ముందు సూది వైపు చూడాలి, ట్యాంకులో పెట్రోలు పంపు కంటే ఎత్తులో ఉంటే చిరిగిన డయాఫ్రమ్ కూడా కావచ్చు. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడే ఇది జరగడం ఎక్కువ, కాబట్టి నిండా పోసి పరీక్షించండి. పెరగకపోతే పది నిమిషాలు తక్కువ వేగంలో నడిపి మళ్లీ చూడండి. ఇప్పుడు పెరిగినా, వాసన వచ్చినా పంపే.

పంపు మార్చేటప్పుడు ఒక్క జాగ్రత్త ఉంది, అది తప్పితే ఇంజనే పోతుంది. పంపు లివరు లోపల క్యామ్‌షాఫ్టుకు ఏ పక్కన కూర్చోవాలో లెక్క ఉంది. పంపు బిగించే రంధ్రం వైపు చూస్తూ నిలబడితే, లివరు క్యామ్‌షాఫ్టుకు కుడి పక్కన ఉండాలి. ఎడమ పక్కకు వెళ్లిన లివరుతో బోల్టులు బిగించి ఇంజను తిప్పితే లోపల ముక్కలవుతుంది. బోల్టులు చేత్తో సగం వరకు బిగించి, పంపు సాఫీగా ఆనుకుంటోందని నమ్మకం కుదిరాకే స్పానరు తీయండి. బలవంతంగా ఆనించాల్సి వస్తే ఆగి, తీసి మళ్లీ పెట్టండి. గాస్కెట్టు కొత్తది వేయండి.

చాలామంది ఈ గొడవ ఎందుకని కారు విడిభాగాల షాపులో ఎలక్ట్రిక్ పంపు కొంటారు. కొనవచ్చు, కానీ డబ్బా మీద ప్రెజర్ అంకె చూడండి. ఈ కార్బొరేటరు సూది రెండు పిఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్ల ఒత్తిడి) అటూ ఇటూ మాత్రమే ఆపగలదు. కారు కార్బొరేటర్ల కోసం చేసిన 4 నుంచి 7 పిఎస్‌ఐ పంపు వేస్తే సూదిని తోసుకుని పెట్రోలు పొంగుతుంది. ఒక జబ్బు పోగొట్టబోయి ఇంకోటి తెచ్చుకున్నట్టే, అదీ మీరు ఇప్పుడు పడుతున్న జబ్బే.

ప్ర: జాన్ డీర్ 110. కార్బొరేటరు కింద బొట్లు పడుతున్నాయి. సైలెన్సరులోంచి నల్లపొగ. ఐడిల్‌లో, అంటే లోడు లేని నిదానపు వేగంలో, ఒకసారి పైకి, ఒకసారి కిందికి ఊగుతుంది. కడిగి చూశాను, వారం బాగుంది. — కమ్మింగ్, జార్జియా

జ: రెండు జబ్బులు కలిపి రాశారు. బొట్లు, నల్లపొగ పెట్రోలు ఎక్కువైతే వచ్చేవి. ఊగిసలాట మామూలుగా పెట్రోలు చాలకపోతే వచ్చేది. రెండూ ఒకే కార్బొరేటరులో ఉండొచ్చు, బౌల్ మట్టం ఎక్కువై ఐడిల్ దారి మూసుకుపోయి ఉంటే. కడిగారన్నారు గానీ, పైనుంచి స్ప్రే కొట్టి ఉంటారు. దానివల్లే వారం బాగుండి ఉంటుంది.

విప్పండి. ముందు ఫ్లోట్ (బౌల్‌లో తేలుతూ సూదిని మూసే డొల్ల భాగం) తీసి చెవి దగ్గర ఊపండి. ఇత్తడి ఫ్లోట్ లోపల చప్పుడు వినబడితే దానికి చిల్లు పడింది, పెట్రోలు నింపుకుని మునిగిపోతోంది. అనుమానముంటే వేడి నీళ్లలో ముంచండి, చిల్లు దగ్గర బుడగలు వస్తాయి. టంకం వేసి అతకవద్దు, బరువు మారి మట్టం తప్పుతుంది. కొత్తది వేయండి. తర్వాత సూది మొన చూడండి. దాని చుట్టూ గోరుకు తగిలే గాడి పడి ఉంటే సూది, సీటు రెండూ కలిపి మార్చాలి. ఒకటి మార్చి ఒకటి ఉంచితే మళ్లీ కారుతుంది.

మట్టం ఇలా పెట్టాలి. కార్బొరేటరు తలకిందులుగా పట్టుకుంటే ఫ్లోట్ తన బరువుతో సూది మీద వాలుతుంది. అప్పుడు కార్బొరేటరు పోత (లోహపు ఒళ్లు) ముఖానికీ, ఫ్లోట్ చివరి అంచుకీ మధ్య సందు 11/64 అంగుళం ఉండాలి, సుమారు 4.4 మిల్లీమీటర్లు. 1/32 అంగుళం అటూ ఇటూ ఫరవాలేదు. కొలవడానికి 11/64 డ్రిల్ బిట్టు కాడ దూర్చి చూస్తే చాలు. తేడా ఉంటే ఫ్లోట్ నాలుకను చిన్న స్క్రూడ్రైవరుతో వంచండి. వంచేటప్పుడు సూదిని సీటులోకి అదమకండి.

ఐడిల్ దారి శుభ్రం చెయ్యాలంటే ఐడిల్ స్క్రూ పూర్తిగా తీసి, ఆ రంధ్రంలోంచి క్లీనరు కొట్టి, అవతల రంధ్రాల్లోంచి బయటికి వస్తోందో లేదో కళ్లతో చూడాలి. కళ్లద్దాలు పెట్టుకోండి, అది ఎటు చిమ్ముతుందో చెప్పలేం. ఒక్క రంధ్రంలోంచి రాకపోయినా రాత్రంతా క్లీనరులో నానబెట్టండి. గట్టిగా ఉంటే కరెంటు వైరులోంచి తీసిన రాగి పోగు ఒకటి చాలు. ఉక్కు తీగ, డ్రిల్ బిట్టు దూర్చారంటే రంధ్రం పెద్దదై ఇక ఏ స్క్రూతోనూ సర్దుకోదు.

బిగించాక మెయిన్ స్క్రూ (లోడు మీద పెట్రోలు సరిచేసేది), ఐడిల్ స్క్రూ రెండూ మెల్లగా ఆనేవరకు లోపలికి తిప్పి, మెయిన్ రెండు చుట్లు, ఐడిల్ ఒకటింబావు చుట్టు బయటికి తిప్పండి. ఇది మొదలు మాత్రమే. గట్టిగా బిగిస్తే మొన అణిగిపోతుంది, జాగ్రత్త. అయిదు నిమిషాలు వేడెక్కించి, సగం వేగంలో మెయిన్ స్క్రూని మెల్లగా లోపలికి తిప్పండి. వేగం తగ్గే చోటు గుర్తుపెట్టుకోండి. ఇప్పుడు బయటికి తిప్పుతూ మళ్లీ తగ్గే చోటు చూడండి. ఆ రెండిటి మధ్య, కొంచెం బయటి వైపుకి ఆపండి. ఐడిల్ కూడా అంతే. నిదానపు వేగం నిమిషానికి 1,200 చుట్ల దగ్గర ఉండాలి. అంతకంటే తగ్గించి "టక్ టక్" మని మురిసిపోవద్దు, ఈ ఇంజన్లలో ఆయిల్ చిమ్మి పైకి వెళ్లేది వేగం మీదే.

ఇంతా చేశాక కూడా ఊగుతుంటే థ్రాటిల్ కాడ అరిగింది. కాడ పట్టుకుని అటూ ఇటూ కదిపితే తెలుస్తుంది. అక్కడినుంచి దొంగగాలి దూరుతోంది. స్క్రూలతో సాధించలేరు. రంధ్రం పెద్దది చేయించి ఇత్తడి బుష్ వేయించాలి, లేదా కాడ బాగున్న ఇంకో పాత కార్బొరేటరు దొరకాలి.

ప్ర: అమెరికా బంకుల్లో పెట్రోలులో ఇథనాల్ కలుపుతారంటున్నారు. నా పాత ట్రాక్టరుకు పోయవచ్చా? శీతాకాలం ఆరు నెలలు షెడ్డులోనే ఉంటుంది. — మరో న్యూజెర్సీ పాఠకుడు

జ: నడిచే రోజుల్లో పది శాతం ఇథనాల్ పెట్రోలు పోయవచ్చు, 87 ఆక్టేన్ చాలు. నిలవ ఉంచేటప్పుడే చిక్కు. ఇథనాల్ గాలిలోని తేమను పీలుస్తుంది, మోతాదు మించితే నీళ్లూ ఇథనాలూ కలిసి అడుక్కి దిగిపోతాయి. మీ కార్బొరేటరు పీల్చేది ముందు ఆ అడుగుదే. జింకు పోతను తినేసి తెల్లటి పిండిలా పేరుకునేదీ అదే. ఇథనాల్ కలవని పెట్రోలు పడవల రేవుల దగ్గర, కొన్ని పల్లె బంకుల్లో దొరుకుతుంది. చలికాలానికి ముందు చివరి ట్యాంకు దానితోనే నింపండి. లేదా స్టెబిలైజరు డబ్బా మీద రాసిన కొలత కలిపి, పది నిమిషాలు నడిపి, కుళాయి కట్టేసి, బౌల్ ఖాళీ అయ్యి ఆగేవరకు వదిలేయండి.

ఇంట్లోనే తెలుసుకోవాలంటే కొలతల సీసాలో 100 మి.లీ. పెట్రోలు, 20 మి.లీ. నీళ్లు పోసి మూత బిగించి ఊపండి. అయిదు నిమిషాలు నిలబెట్టండి. అడుగున 20 దగ్గరే గీత ఉంటే ఇథనాల్ లేదు. 30కి చేరువైతే పది శాతం ఉన్నట్టు. ఆ పెట్రోలు మళ్లీ ట్యాంకులో పోయకండి.

ప్ర: మాది తెనాలి. పెట్రోలుతో స్టార్ట్ చేసి కిరోసిన్‌తో నడిపే పాత పంపుసెట్టు ఉంది. ఏటా తడికి ముందు కార్బొరేటరు కడిగితే గానీ లేవదు. కొత్త పెట్రోలు వల్లనా?

జ: సగం మాత్రమే. ఎక్కువ తప్పు ఆపే పద్ధతిలో ఉంది. కిరోసిన్ మీదే ఇంజను ఆపేస్తే బౌల్‌లో కిరోసిన్ మిగులుతుంది, చల్లటి ఇంజనులో అది ఆవిరి కాదు, ఎన్ని తాళ్లు లాగినా లేవదు. ఆపడానికి అయిదు నిమిషాల ముందు కుళాయి పెట్రోలు వైపు తిప్పండి. సీజను అయ్యాక బౌల్ కింది స్క్రూ విప్పి, చుక్క మిగలకుండా దించేయండి, పెట్రోలు ట్యాంకు కూడా ఖాళీ చేయండి. ఇప్పుడు మన బంకుల్లో వచ్చేది ఇరవై శాతం ఇథనాల్ పెట్రోలు, కోస్తా తేమలో అది నిలవ ఉండే సరుకు కాదు. పాత రబ్బరు గొట్టం ఉబ్బి మెత్తబడితే మార్చండి. పైన చెప్పిన సీసా పరీక్ష చేస్తే మీకు గీత 40 దగ్గర కనబడుతుంది.

ప్ర: ట్యాంకు నిండా తుప్పు. వెల్డింగు వాడి దగ్గరికి తీసుకెళ్లనా? — శాన్ ఆంటోనియో

జ: ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకు కంటే ప్రమాదం, లోపల ఆవిరే ఉంటుంది. మంట దగ్గరికి తీసుకెళ్లకండి. ముందు కుళాయి విప్పేసి రంధ్రం మూయండి. గిన్నెడు నట్లు వేసి, సబ్బు నీళ్లతో ఊపి కడగండి. తర్వాత వంటింటి తెల్ల వెనిగరు అంచు వరకు పోసి ఒకటి రెండు రోజులు ఉంచండి. పారబోశాక వంటసోడా నీళ్లతో కడిగి, వెంటనే హెయిర్ డ్రయరుతో ఆరబెట్టండి. ఈ ఆఖరి పని ఆలస్యమైతే గంటలోనే కొత్త తుప్పు ఎర్రగా పొడుచుకొస్తుంది. ఆరిన ట్యాంకులో రెండు చెంచాల ఇంజను ఆయిల్ వేసి అన్ని వైపులా తిప్పి పెట్టండి. లోపల పూసే లైనింగు రసాయనం మాత్రం చిల్లులుంటే తప్ప వద్దు. సరిగా పట్టని లైనింగు ఇథనాల్ తగిలి రేకులుగా ఊడి, నేరుగా కుళాయి జల్లెడలోకే చేరుతుంది.